చందా రశీదు నుంచి కంటి ఆపరేషన్ దాకా: సేవా క్లబ్బుల డబ్బు ఎలా నడుస్తుంది

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో ఒక మిర్చి వ్యాపారి దగ్గరికి కంటి క్యాంపు చందా కోసం వెళ్లాం. ఆయన రెండు వేలు తీసి ఇచ్చాడు, రశీదు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, మేం లేవబోతుంటే అడిగాడు: "ఇస్త గానీ సార్, ఇవి యాడికి పోతయో చెప్పుండ్రి. పోయినేడు ఇచ్చినయి ఏమైనయో ఎవ్వరూ చెప్పలే." మేం "మంచి పనికే సార్" అని చెప్పి వచ్చేశాం. క్లబ్బులో రెండేళ్లు కోశాధికారిగా లెక్కలు రాసినవాణ్ని, అయినా ఆ మనిషి ముందు నాకు సరైన జవాబు తట్టకపోవడం చాలా రోజులు బాధపెట్టింది. ఆయనకు అప్పుడు చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

లయన్స్, రోటరీ, వాసవీ లాంటి క్లబ్బుల బోర్డులు హన్మకొండ చౌరస్తా నుంచి నర్సంపేట, పరకాల దాకా కనిపిస్తూనే ఉంటాయి. బయటివాళ్లకు మాత్రం క్లబ్బంటే ఫ్లెక్సీ, శాలువా, మర్నాడు పేపర్లో జిల్లా పేజీ ఫొటో. "డిస్ట్రిక్ట్ గవర్నర్ విచ్చేశారు" అని చదివి ఆయన ప్రభుత్వ మనిషి అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆయన కొన్ని పదుల క్లబ్బులకు ఒక ఏడాది పెద్దగా ఉండే సభ్యుడు, జీతం ఉండదు. వీటిలో రోటరీ, లయన్స్ మూలాలు షికాగోలో ఉన్నాయి. రోటరీని 1905లో పాల్ హారిస్ అనే లాయరు మొదలుపెట్టాడు, లయన్స్‌ను 1917లో మెల్విన్ జోన్స్ అనే ఇన్సూరెన్స్ వ్యాపారి కూడగట్టాడు. 1925లో హెలెన్ కెల్లర్ లయన్స్ మహాసభకు వచ్చి, అంధత్వం మీద పోరాటానికి మీరు ముందుకు రండి అని అడిగింది. ఆ మాట పట్టుకునే ఇవాళ్టికీ లయన్స్ అనగానే కంటి క్యాంపు గుర్తొస్తుంది. వందేళ్ల కిందట ఒక మనిషి అడిగిన మాట ఇప్పుడు పరకాల పక్క ఊరి బడి వరండాలో పనిచేస్తోంది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇక డబ్బు సంగతి. దీన్ని అర్థం చేసుకోవాలంటే క్లబ్బుకు రెండు జేబులుంటాయని గుర్తుపెట్టుకోవాలి. మొదటి జేబులో పడేది సభ్యులు ఏటా కట్టే ఫీజు. అంతర్జాతీయ సంస్థకు, డిస్ట్రిక్ట్‌కు కట్టాల్సినవి అందులోంచే పోతాయి, మీటింగు హాలు అద్దె, టీలు, భోజనాలు, ప్రమాణ స్వీకారం ఖర్చులు కూడా అక్కడివే. రెండో జేబులో పడేది సేవ పేరు చెప్పి జనం దగ్గర తీసుకున్నది: చందాలు, టికెట్లు అమ్మి చేసిన కార్యక్రమాల మీద మిగిలింది, ఎవరైనా పెళ్లిరోజుకో తండ్రి జ్ఞాపకార్థమో ఇచ్చింది. లయన్స్‌లో దీని గురించి నిబంధన గట్టిగా ఉంది. జనం దగ్గర తీసుకున్న డబ్బు జనానికే పోవాలి, క్లబ్బు నిర్వహణ ఖర్చుకు వాడకూడదు. ఆ డబ్బు పోగు చేయడానికి నేరుగా అయిన ఖర్చు మాత్రం మినహాయించుకోవచ్చు, అంటే టికెట్లు ప్రింటు చేయించిన బిల్లు, హాలు అద్దె లాంటివి. రెండు వేర్వేరు ఖాతాలు పెట్టి ఇదంతా రాయాలి.

కాబట్టి స్టార్ హోటల్లో క్లబ్బువాళ్లు బిర్యానీ తిన్నారని కోప్పడేముందు అది ఏ జేబులోది అని అడగాలి. వాళ్ల ఫీజులోదైతే వాళ్లిష్టం. మీ చందాలోదైతే మీరు నిలదీయొచ్చు. కోశాధికారిగా నాకు ఎక్కువ టెన్షన్ ఇచ్చింది ఇదే, ఎందుకంటే సేవా కార్యక్రమానికి వచ్చిన అతిథికి కొన్న బొకేను ఏ ఖాతాలో రాయాలన్న దగ్గరే గొడవలు మొదలవుతాయి. నేను ప్రతిసారీ మొదటి జేబులోనే రాశాను. కొందరికి నచ్చలేదు.

ఇప్పుడు రెండో జేబు దగ్గరికి వద్దాం. అందులో నిజానికి పెద్ద మొత్తం ఉండదు. నలభై మంది ఉన్న ఒక మామూలు క్లబ్బు ఏడాదికి పోగుచేసే సేవా నిధితో ఒక ఆసుపత్రి కట్టలేం, ఒక ఊరి రోడ్డు కూడా వేయలేం. మరి అంత పని ఎలా జరుగుతుందంటే, ఆ చిన్న డబ్బు వేరేచోట ఇరుక్కుపోయి ఉన్న పెద్ద డబ్బును కదిలిస్తుంది. కంటి క్యాంపునే తీసుకోండి. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976 నుంచి నడుస్తోంది, గుర్తింపు ఉన్న స్వచ్ఛంద ఆసుపత్రి ఉచితంగా శుక్లం (మోతిబిందు) ఆపరేషన్ చేస్తే ఒక్కో ఆపరేషన్‌కు ఇంత అని దాని కింద గ్రాంటు వస్తుంది. అంటే ఆపరేషన్‌కు డబ్బుంది, డాక్టరున్నాడు, లెన్సుంది. లేనిదల్లా ఊళ్లోంచి ఆసుపత్రి దాకా మనిషిని తీసుకొచ్చే దారి. బస్సు డీజిలు, ఊళ్లో మైకు ఆటో, టెంటు, మధ్యాహ్నం పప్పన్నం, ఆపరేషన్ తర్వాత కొన్ని నల్లద్దాలు, క్లబ్బు పెట్టే ఖర్చు ఇదీ. లెక్క కోసం ఒక క్యాంపుకు ఇరవై వేలు అయిందనుకుందాం, పాతిక మందికి చూపు వచ్చిందనుకుందాం. మనిషికి ఎనిమిది వందలు. ఆ ఎనిమిది వందలు లేకపోతే ఆసుపత్రిలో ఉన్న మిగతా వేలకు వేలు ఆ ఊరి గడప తొక్కవు.

మేం పరకాల వైపు ఒక ఊళ్లో పెట్టిన క్యాంపు సంగతి చెబుతాను. మా క్లబ్బు సంవత్సరం జులై 1న మొదలవుతుంది, కొత్త అధ్యక్షుడు వస్తాడు, ఆయనకు మొదటి నెలలోనే ఏదో ఒకటి చేసి చూపించాలని ఉంటుంది. అలా ఒకసారి జులైలో క్యాంపు పెట్టాం. పొద్దటి నుంచి మైకు మోగింది, కుర్చీలు వేశాం, వచ్చింది పదకొండు మంది. ఊళ్లో మనిషి లేడు, అందరూ నాట్లల్లో, పత్తి కలుపులో ఉన్నారు. చూపు తగ్గిన ముసలివాళ్లు ఇంట్లోనే ఉన్నారు కానీ వాళ్లను చెయ్యి పట్టుకుని తీసుకురావాల్సిన కొడుకో కోడలో పొలంలో ఉంది. ఆ ఊరి ఆశా కార్యకర్త చెప్పింది, "సార్, నాట్లు అయిపోయి పత్తి ఏరుడు షురూ కాకముందు పెట్టుండ్రి, బతుకమ్మకు ముందల. అంగడి రోజు మాత్రం వద్దు." మళ్లీ సెప్టెంబరులో పెట్టాం. బడి వరండా నిండింది.

చదువు రానివాళ్లకు ఇంగ్లిష్ 'ఈ' అక్షరం అటూ ఇటూ తిప్పిన చార్టు పెడతారు, కోరలు ఎటువైపున్నాయో చేత్తో చూపించాలి. ఒక అవ్వ చార్టు వైపు కాకుండా చార్టు పట్టుకున్న పిల్లాడి గొంతు వైపు తిరిగి చేతులు చూపిస్తోంది. రెండు కళ్లకూ మోతిబిందు ముదిరింది. ఎన్నాళ్ల నుంచి అవ్వా అంటే, "రెండు బతుకమ్మలైంది బిడ్డా. కోడలు వస్తే పట్టీల సప్పుడుతోని గుర్తుపడుతున్న" అంది. షుగర్ చూస్తే 280 ఉంది. షుగర్ అదుపులోకి రాకుండా ఆపరేషన్ చేయరు, ఇన్ఫెక్షన్ ప్రమాదం. మాత్రలు రాసిచ్చి తర్వాతి ట్రిప్పుకు రమ్మన్నారు. ఆమెకు అది పట్టలేదు, ఆమె దిగులు వేరు: "గంతదూరం పోతే బర్రెకు గడ్డెవరేస్తరు?"

నేను ఎన్ని బడ్జెట్లు రాసినా బర్రె గడ్డి అనే పద్దు ఎప్పుడూ రాయలేదు. అసలు అడ్డం మాత్రం అక్కడే ఉంది. ఉచిత ఆపరేషన్ అన్నా మనిషి ఎందుకు రాదు అని పట్నంలో కూచుని అనుకుంటాం. ఇంటికి ఒక్కర్తే ఉండే మనిషికి రెండు రోజులు ఇల్లు వదలడమంటే ఖర్చుతో కూడిన పనే. ఆశా కార్యకర్తే పక్కింటావిడతో మాట్లాడి బర్రె సంగతి చూసింది.

మొదటి బస్సులో వెళ్లినవాళ్లకు మర్నాడు పొద్దున కట్లు విప్పారు. ఒక పెద్దాయన ఎవరి మొహమూ చూడలేదు, తన చేతులే తిప్పి తిప్పి చూసుకుని "గోర్లు గింత పెరిగినయా" అన్నాడు. అక్కడితో పని అయిపోయిందనుకుంటే పొరపాటు. చుక్కల మందు నాలుగు నుంచి ఆరు వారాలు రోజూ వేయాలి, తలస్నానం ఆపాలి, పొలంలో దుమ్ములోకి వెళ్లకూడదు, చెప్పిన రోజున మళ్లీ చూపించుకోవాలి. మా క్లబ్బులో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉంది, ఆమె ప్రతి సాయంత్రం ఒక్కొక్కరి ఇంటికి ఫోన్ చేసి ఎర్రమూత సీసా వేశారా, తెల్లమూత సీసా వేశారా అని అడిగేది. క్యాంపు మొత్తంలో పైసా ఖర్చు కానిది, నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది, ఆ ఫోన్లే. ఫొటోలో మాత్రం ఆమె లేదు.

రక్తదానం సంగతి కూడా లోపలికి వెళ్లి చూస్తేనే అర్థమవుతుంది. ఆగస్టు 15న, ఎవరో నాయకుడి పుట్టినరోజున ఒకేరోజు మూడు క్లబ్బులు మూడు చోట్ల క్యాంపులు పెడతాయి. ఎర్ర రక్తకణాలు నిల్వ ఉండేది 35 నుంచి 42 రోజులు, ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. ఒక్కరోజు వందల యూనిట్లు వచ్చిపడితే బ్లడ్ బ్యాంకుకు అది వరం కాదు, తలనొప్పి. అదే ఏప్రిల్, మేలో కాలేజీలకు సెలవులు, దాతలు దొరకరు, తలసీమియా పిల్లలకు మాత్రం సెలవులుండవు, వాళ్లకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. కాబట్టి క్లబ్బులు కలిసి కూచుని, నువ్వు జనవరి, నేను ఏప్రిల్, ఆయన మే అని పంచుకుంటే అదే రక్తం రెట్టింపు పనికొస్తుంది. హన్మకొండలో రెడ్‌క్రాస్ బ్లడ్ బ్యాంకు ఉంది, వరంగల్‌లో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి ఎంజీఎం ఉంది, ముందు వాళ్లకు ఫోన్ చేసి మీకు ఎప్పుడు కావాలి అని అడిగి తేదీ పెట్టుకోవడం పెద్ద కష్టం కాదు.

చలివేంద్రం తేలిక పని, ఖర్చు తక్కువ, నాలుగు రంజన్లు, ఒక పందిరి. మధ్యాహ్నం మూడింటికి రంజన్లు నింపే మనిషికి కూలి ఇచ్చే ఏర్పాటు ఉంటే చాలు, లేకపోతే వారం తిరిగేసరికి అవి ఖాళీ.

కష్టమంతా వస్తువు కొనిచ్చే పనుల్లో ఉంది. ఒక ప్రభుత్వ బడిలో నీళ్లు శుద్ధి చేసే ఆర్వో ప్లాంటు పెట్టారు, ఏ క్లబ్బు అన్నది వదిలేద్దాం. ప్రారంభోత్సవం బాగా జరిగింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. ఏడాదిన్నర తర్వాత నేను వేరే పని మీద ఆ బడికి వెళ్తే ప్లాంటు గదిలో బెంచీలు పేర్చి ఉన్నాయి. నీళ్లు వడకట్టే మెంబ్రేన్ మూసుకుపోయింది, మార్చడానికి వేలల్లో అవుతుంది, ఆ డబ్బు ఏ పద్దులోంచి ఇవ్వాలో హెడ్మాస్టరుకు తెలియదు. ఆ రోజు సంతకం పెట్టి తీసుకున్న సారు బదిలీ అయిపోయాడు. అప్పటి అధ్యక్షుడి పదవీకాలం ముగిసింది, తర్వాతి ఆయనకు అది తన ప్రాజెక్టు కాదు. చూస్తే ఎవరిదీ దురుద్దేశం కాదు. ఏడాదికోసారి అధ్యక్షుడు మారే ఏర్పాటులో మూడేళ్లు బతకాల్సిన వస్తువును పెడితే ఇలాగే అవుతుంది. అందుకే నేనుండగా ఒక పట్టు పట్టాను. ఏ యంత్రం ఇచ్చినా మూడేళ్ల ఫిల్టర్లు, రిపేర్ల ఖర్చు ముందే పక్కన పెట్టాలి, బడి కమిటీతో రెండు పేజీల కాగితం రాసుకోవాలి, కరెంటు బిల్లు ఎవరిదో అందులో ఉండాలి. ఆ లెక్కన మూడు ప్లాంట్లు పెట్టాల్సిన చోట ఒక్కటే పెట్టగలిగాం. అది ఇంకా నీళ్లిస్తోంది.

వరదలొచ్చినప్పుడు క్లబ్బుల బలం, బలహీనత రెండూ ఒకేసారి బయటపడతాయి. 2023 జులై చివర్లో కురిసిన వానలకు భూపాలపల్లి జిల్లాలో మోరంచ వాగు పొంగి మోరంచపల్లి మునిగింది, జనం మిద్దెలెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు, హెలికాప్టర్లు వచ్చాయి. ఇలాంటప్పుడు క్లబ్బుకు ఫైలు, టెండరు ఉండవు, సాయంత్రం ఫోన్లు చేసుకుంటే తెల్లారేసరికి బండి బయల్దేరుతుంది. ప్రభుత్వం దగ్గర లేని వేగం అది. కానీ అందరూ మొదట పంపేది పాత బట్టలు. మునిగిన ఊళ్లో గుట్టలుగా పడి తడిసి కుళ్లే వాటికంటే చాపలు, గిన్నెలు, దోమతెరలు, బ్లీచింగ్ పౌడరు, పిల్లల పుస్తకాలు కావాలి. నెల తర్వాత ఇంకొకటి కావాలి, అది ఎవరికీ గుర్తుండదు: నీళ్లల్లో పోయిన ఆధార్ కార్డులు, పాసు పుస్తకాలు మళ్లీ తెప్పించుకోవడానికి ఫారాలు నింపి ఆఫీసు దాకా తోడొచ్చే మనిషి. ఆ పనికి చదువుకున్న సభ్యుడి రెండు మధ్యాహ్నాలు చాలు.

మరి పెద్ద ప్రాజెక్టులు, లక్షల రూపాయల డయాలసిస్ యంత్రాలు ఎక్కడి నుంచి వస్తాయని అడుగుతారు. ఇక్కడ దారి కాస్త మెలికలు తిరుగుతుంది. రోటరీలో సభ్యులు తమ సంస్థ సేవా ట్రస్టయిన ఫౌండేషన్ వార్షిక నిధికి ఇచ్చిన డబ్బు మూడేళ్లు పెట్టుబడిగా ఉండి, అందులో సుమారు సగం మళ్లీ ఆ డిస్ట్రిక్ట్ వాడుకోవడానికి తిరిగొస్తుంది. దానికి వేరే దేశపు క్లబ్బు ఒకటి తోడు కలవాలి, ఫౌండేషన్ తన ప్రపంచ నిధి నుంచి కొంత జోడిస్తుంది, అలా గ్లోబల్ గ్రాంటు తయారవుతుంది. దానికి కనీసం 30,000 డాలర్ల బడ్జెట్ ఉండాలి, అంటే మన లెక్కలో పాతిక లక్షల పైమాటే. అడిగే ముందు ఆ ఊరికి నిజంగా ఏం కావాలో అక్కడివాళ్లతో మాట్లాడి రాసివ్వాలి, ఈ షరతు నాకు చాలా ఇష్టం. విదేశీ డబ్బు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేకుండా నేరుగా మన క్లబ్బు ఖాతాలో పడకూడదు. లయన్స్‌కూ 1968 నుంచి సొంత ఫౌండేషన్ ఉంది, విపత్తులప్పుడు అత్యవసర గ్రాంటు ఇస్తుంది. అందరూ కలిస్తే ఎంత దూరం వెళ్లొచ్చో పోలియో చూపించింది. రోటరీ 1985లో ఆ పని నెత్తికెత్తుకుంది, మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో, పోలియో లేని ప్రాంతంగా ధ్రువీకరణ 2014 మార్చి 27న. పోలియో చుక్కల కేంద్రాల్లో కూచున్నది ఎక్కువగా అంగన్‌వాడీ, ఆరోగ్య సిబ్బందే, క్లబ్బులు వాళ్ల పక్కన నిలబడ్డాయి.

ఇంకో దారి కంపెనీల సీఎస్ఆర్. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి. భూపాలపల్లి, రామగుండం వైపు సింగరేణి, ఎన్‌టీపీసీ లాంటి పెద్ద సంస్థలున్నాయి కాబట్టి మన ప్రాంతపు క్లబ్బులు ఆ తలుపు తట్టొచ్చు. కాకపోతే అమలు చేసే సంస్థకు ట్రస్టో సొసైటీనో ఉండాలి, పన్ను రిజిస్ట్రేషన్లు ఉండాలి, ఆడిట్ సరిగ్గా ఉండాలి. క్లబ్బు పేరుకీ ట్రస్టు పేరుకీ తేడా ఉందని చాలామంది దాతలకు తెలియదు. అందరూ 80జి అని పిలిచే పన్ను మినహాయింపు సాధారణంగా క్లబ్బు పెట్టుకున్న ట్రస్టుకు ఉంటుంది, రశీదు దాని పేరు మీదే ఉండాలి. నగదు రూపంలో రెండు వేలు దాటితే మినహాయింపు రాదు, బియ్యమో దుప్పట్లో ఇచ్చినా రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలే రాదు. ఇవి ముందే చెప్పకుండా "80జి ఉంది సార్" అని చందా తీసుకోవడం తప్పు, నేను ఎవరినీ అలా అడగనివ్వలేదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి, ఆదిలాబాద్ వైపు నుంచి కూడా పేషెంట్లు ఎంజీఎంకే వస్తారు. అక్కడ మంచం దొరకలేదంటే, స్పెషలిస్టు లేడంటే, దానికి ఏ క్లబ్బూ జవాబు కాదు. అది ప్రభుత్వ బాధ్యత, దాన్ని అడగాల్సింది ప్రభుత్వాన్నే. పేషెంటు వెంట వచ్చి వరండాలో పడుకున్న అన్నకు రాత్రి రెండు చపాతీలు, ఒక దుప్పటి మేం ఇవ్వగలం. అది ఇచ్చి, వార్డు సంగతి కూడా మేమే చూసేస్తున్నామన్నట్టు ఫ్లెక్సీ కట్టకూడదు.

మిర్చి వ్యాపారి దగ్గరికి క్యాంపు అయిన రెండు నెలలకు మళ్లీ వెళ్లాం, ఈసారి చందాకు కాదు. ఒక్క పేజీ కాగితం ఇచ్చాం: ఎంత వచ్చింది, డీజిలుకెంత, టెంటుకెంత, ఎంతమందిని చూశారు, ఎంతమందికి ఆపరేషన్ అయింది, ఎంతమందికి కాలేదు. ఆయన అద్దాలు పెట్టుకుని పైనుంచి కింద దాకా చదివి, చివరి వరుస మీద వేలు పెట్టాడు.

"ఈ ముగ్గురి సంగతేంది?"

షుగర్ ఎక్కువుండి ఆగినవాళ్లని చెప్పాను. ఇద్దరికి పోయిన మంగళవారం అయిపోయింది. మూడో ఆవిడ, ఆ బర్రె అవ్వ, షుగర్ ఇప్పుడు 160కి వచ్చింది, సోమవారం బస్సులో ఆమె పేరు రాశాం, పక్కింటావిడ గడ్డేస్తానని ఒప్పుకుంది.

"సోమవారం అయినంక నాకు ఫోన్ చేయుండ్రి" అని కాగితం మడిచి పాత రశీదు ఉన్న జేబులోనే పెట్టుకున్నాడు.